గంజాయి కేసులో బెయిలు: ముందు తూకం, తర్వాత తేదీ

యువ న్యాయవాద మిత్రులకు నమస్కారం.

పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చే గంజాయి కేసు మీ చేతికొస్తే, ముందు మధ్యవర్తుల నివేదికలో (సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ఎదుట రాసే పంచనామాలో) తూకం చూడండి. మాదకద్రవ్యాల నిరోధక చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం 20 కిలోలు మించితేనే వాణిజ్య పరిమాణం. సరిగ్గా 20 ఉంటే కాదు. మించితే శిక్ష 10 నుంచి 20 ఏళ్లు, బెయిలుకు 37వ సెక్షన్ అడ్డు. మించకపోతే, 19, 24, 27ఏ సెక్షన్లు (నల్లమందు దారి మళ్లింపు, విదేశీ మాదకద్రవ్య లావాదేవీలు, అక్రమ రవాణాకు డబ్బు పెట్టడం) పెట్టనంత వరకు, మామూలు బెయిలు సూత్రాలే.

టేపు చుట్టిన పది ప్యాకెట్లు, మొత్తం 20 కిలోల 600 గ్రాములు అని రాశారనుకోండి. టేపు, పాలిథిన్ విప్పి తూచారా? ఒక్కో ప్యాకెట్‌కు 70 గ్రాముల చుట్టు పోయినా 700 గ్రాములు తగ్గి, సరుకు 19 కిలోల 900 అవుతుంది. చట్టం దృష్టిలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా విడిగా దొరికిన ఆకులు, గింజలు గంజాయి కావు. కొసలతో కలిసి ఉన్న ఆకుల విషయంలో మాత్రం ఈ వాదన బలహీనం, దాని మీదే ఆధారపడకండి.

37వ సెక్షన్ వర్తిస్తే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు అవకాశమివ్వాలి. ఆయన వ్యతిరేకిస్తే, ముద్దాయి నేరం చేయలేదని, బయటికొచ్చి మళ్లీ నేరం చేయడని నమ్మడానికి సహేతుక కారణాలు కోర్టుకు కనపడాలి. సహ ముద్దాయి ఒప్పుకోలు తప్ప ఇంకేమీ లేని కేసులో మీ వాదన ఇక్కడే మొదలవుతుంది. 67వ సెక్షన్ కింద అధికారి రాసుకున్న ఒప్పుకోలు సాక్ష్యం కాదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కునిచ్చే 50వ సెక్షన్ ఒంటి మీద సోదాకే, సంచికి వర్తించదు. సరుకు నమూనాలు మేజిస్ట్రేట్ ఎదుట తీయాలనే 52ఏ సెక్షన్‌ను పాటించని లోపం ఒక్కదానితోనే బెయిలు అడిగితే, అది చాలదన్న 2024 నాటి సుప్రీంకోర్టు కాషిఫ్ తీర్పు ఎదురొస్తుంది. విచారణ ఏళ్ల తరబడి సాగితే, ఆ ఆలస్యం చూసి సుప్రీంకోర్టు బెయిలిచ్చిన 2023 నాటి మహమ్మద్ ముస్లిం తీర్పు చూపించండి. అందులో ముద్దాయి ఏడేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు.

ఇక తేదీ. గడువులోగా పోలీసులు ఛార్జిషీటు వేయకపోతే ముద్దాయికి బెయిలు పొందే హక్కు వస్తుంది. కూలి డబ్బుల కోసం మూట మోసిన గిరిజన యువకుడి తరఫున లెక్క పెట్టేవాళ్లు లేకపోతే, అతని హక్కు చడీచప్పుడు లేకుండా పోతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. వాణిజ్య పరిమాణం కేసులో ఛార్జిషీటుకు గడువు 180 రోజులు. దర్యాప్తు ఎంతవరకొచ్చిందో, ముద్దాయిని ఇంకా ఎందుకు ఉంచాలో ప్రాసిక్యూటర్ నివేదిక ఇస్తే కోర్టు ఏడాది దాకా పొడిగించవచ్చు. అప్పుడు ముద్దాయిని హాజరుపరిచి విషయం చెప్పాలి. లెక్కలో రిమాండ్ రోజు కూడా కలుస్తుంది. మార్చి 1న రిమాండ్ అయితే ఆగస్టు 27తో గడువు పూర్తి. 28న కోర్టు తెరిచేసరికి మీ దరఖాస్తు సిద్ధంగా ఉండాలి. అది దాఖలయ్యాక అదే మధ్యాహ్నం ఛార్జిషీటు వేసినా హక్కు పోదు. ముందే ఛార్జిషీటు పడితే మాత్రం ఇక ఆ హక్కు ఉండదు.