పాతరలో లాంతరు

అధ్యక్షులవారికి, ఈ ఎండలో గుంటూరు నడిబొడ్డుకి పడివచ్చిన మీకందరికీ నమస్కారం. నాకిచ్చింది పావుగంట. పేరుపేరునా పలకరిస్తే అందులో సగం పోతుంది, వేదిక మీది పెద్దలు మన్నించాలి.

అణువ్యర్థాలను భూమి లోతుల్లో పూడ్చడం, దానిమీద అజమాయిషీ. ఇదీ నాకిచ్చిన విషయం. ఫిన్లాండ్‌లో ఓంకాలో అనే చోట సుమారు 430 మీటర్ల కింద గట్టి రాతిని తొలిచారు. వాడేసిన ఇంధనాన్ని రాగి పెట్టెల్లో మూసి, చుట్టూ బెంటొనైట్ కూరే ఏర్పాటు. మన ఎలక్ట్రీషియన్లు ఎర్తింగ్ గుంతలో పోసే మట్టే అది. తడి తగిలితే ఉబ్బి, నీటికి దారివ్వదు.

గుంత అంటే గుర్తొచ్చింది. పల్నాడులో మా తాతకి జొన్నల పాతర ఉండేది. మూత తీయగానే మనిషిని దించకూడదు, ముందు లాంతరు దించాలి. ఆరిపోయిందా, లోపల గాలి చెడ్డట్టు. ఆ ఏడు వ్యాపారి బండ్లు వాకిట్లో కాచుక్కూచున్నాయి. "లాంతరెందుకురా, పొద్దున్నే తీశాంగా మూత" అన్నాడు తాత. పాలేరు దిగాడు. రెండు బుట్టలు పైకొచ్చాయి. మూడోది రాలేదు, పిలిస్తే పలుకూ లేదు. నడుముకున్న తాడు పట్టి నలుగురు లాగారు. మొహాన నీళ్లు కొడితే చాలాసేపటికి కళ్లు తెరిచాడు. అరిచేతులకి అంటుకున్న జొన్నగింజలు నాకిప్పటికీ కనిపిస్తాయి.

తాత చెడ్డవాడు కాదండీ. కాకపోతే జొన్నలూ ఆయనవే, తొందరా ఆయనదే, లాంతరూ ఆయన చేతిలోదే.

వెనక వరసవాళ్లు కూడా వినండి. అమెరికాలో కార్ల్స్‌బాడ్ దగ్గర 655 మీటర్ల కింద ఉప్పుపొరల్లో అణ్వాయుధాల చెత్త దాస్తున్నారు, 1999 నుంచి. పర్యావరణ సంస్థ 10,000 ఏళ్ల భద్రతకి లెక్క అడుగుతుంది, ఐదేళ్లకోసారి మళ్లీ తనిఖీ చేస్తుంది. అంత కాపలాలోనూ 2014 ఫిబ్రవరి 14న ఒక డ్రమ్ము పగిలింది. ఎందుకంటారు? తడి పీల్చడానికి మట్టిపొడి వెయ్యాల్సిన చోట గోధుమలతో చేసిన పొడి వేశారు. పెంపుడు పిల్లుల కింద పరిచే సరుకది! నైట్రేటు లవణాలతో కలిసి కాగింది. దాదాపు మూడేళ్లు మూత.

మన అణుశక్తి నియంత్రణ మండలి 1983లో పుట్టింది. తను తనిఖీ చేయాల్సిన అణుశక్తి వ్యవస్థ కిందే అది పనిచేస్తోందని 2012లో కాగ్ తప్పుపట్టింది. దాని బదులు చట్టబద్ధమైన సంస్థని పెడతామంటూ అంతకు ముందేడు పార్లమెంటులో పెట్టిన బిల్లు మురిగిపోయింది. ఏ కొత్త చట్టం వచ్చినా నేను ముందు వెతికేది ఒకటే, లాంతరు ఎవరి చేతికిచ్చారని.

అధ్యక్షులవారు గంట కొట్టారు. ఒక్క ముక్క, కూచుంటాను. ఆ పాతర ఎక్కడుందో తాత ఎక్కడా రాసిపెట్టలేదు. ఆయన పోయిన ఇరవై ఏళ్లకి మా బాబాయి ట్రాక్టరు చక్రం అందులో దిగబడింది.