రూటు ఉంది, దారి లేదు
(మాదాపూర్‌లో నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు రౌటర్లు, ఓ మీడియా కన్వర్టర్ (ఫైబర్‌లో వచ్చే సిగ్నల్‌ని రాగి కేబుల్‌లోకి మార్చే డబ్బా) పెట్టాను. చివర్లో వాటితో పనుంది. అందాకా టీ కప్పులు మాత్రం వాటికి దూరంగా ఉంచండి, దండం పెడతా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రోజు రాత్రి పదకొండున్నరకు ఫోనొచ్చింది. "అన్నా, నెట్ మొత్తం పోయింది. క్లయింటు కాల్ మధ్యల కట్టయింది, జల్ది రా." ఆఫీసు ఇక్కడికి దగ్గర్లోనే, పేరెందుకు లెండి. బండేసుకుని వెళ్లాను. రౌటర్ లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. రౌటర్‌కి తెలిసిన దారుల పట్టిక, అంటే రూటింగ్ టేబుల్, చూపించే షో ఐపీ రూట్ కమాండ్ కొడితే డిఫాల్ట్ రూటు (వేరే దారి తెలియని ప్యాకెట్లన్నీ పోయే దారి) మొదటి ఐఎస్‌పీ (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ) వైపు చక్కగా కూర్చుని ఉంది. పక్కనే రెండో ఐఎస్‌పీ లింకు, నెలనెలా బిల్లు కడుతున్నది, ఒక్క ప్యాకెట్ కూడా మోయకుండా ఖాళీగా ఉంది. గంటసేపు ఫైర్‌వాల్‌ని అనుమానించాను. ఏ తప్పు జరిగినా ముందు దాన్నే తిట్టడం మనకు అలవాటు కదా.

అసలు సంగతి బయట రోడ్డు మీద ఉంది. జేసీబీ తవ్వుతూ ఫైబర్‌ని తెంపేసింది. ఆ ఫైబర్ నేరుగా మా రౌటర్‌లోకి రాదు. గోడకు తగిలించిన మీడియా కన్వర్టర్‌లోకి వస్తుంది, అక్కణ్ణుంచి మీటరు పొడవు రాగి కేబుల్ రౌటర్‌కి వస్తుంది. తెగింది రోడ్డు మీద, రౌటర్‌కి కనిపించేది ఆ మీటరు కేబులే. అది బాగానే ఉంది కాబట్టి పోర్టు అప్, పోర్టు అప్ కాబట్టి స్టాటిక్ రూటు, అంటే చేత్తో రాసిపెట్టిన ఆ డిఫాల్ట్ రూటు, పదిలం. అది కదలదు గనక, 250 డిస్టెన్స్‌తో (ఈ అంకె ఎంత పెద్దదైతే ఆ రూటు మీద నమ్మకం అంత తక్కువ) రెండో లింకుకి నేను పెట్టిన ఫ్లోటింగ్ రూటు, అంటే మొదటిది పోతేనే వాడే దారి, ఎప్పటికీ పైకి రాదు. ఆ మొదటి రూటును చేత్తో తీసేస్తే రెండో లింకు అరక్షణంలో లేచింది.

ఆ రాత్రి నుంచి రూటింగ్ టేబుల్‌ని నేను సాక్షి వాంగ్మూలంలా చదువుతాను. ప్రతి లైనూ ఎవరో చెప్పిన మాటే. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఆ మాట ఇంకా చెల్లుతుందా? నేను ఇవ్వాళ చెప్పేదంతా ఈ మూడో ప్రశ్న గురించే.

మాట ఎంతసేపు చెల్లుతుందన్నది ప్రోటోకాల్‌ని, అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతిని, బట్టి ఉంటుంది. రిప్ 30 సెకన్లకోసారి తన టేబుల్ మొత్తం పక్కవాడికి అప్పజెబుతుంది. 180 సెకన్లు ఆ వైపు నుంచి కబురు లేకపోతే ఆ రూటు చెల్లదంటుంది. ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడితో వదిలేద్దాం. ఓఎస్‌పీఎఫ్‌లో ఏరియాలోని, అంటే ఒక గుంపులోని, ప్రతి రౌటర్ దగ్గరా ఒకే పటం ఉంటుంది, దాని మీద అతి దగ్గరి దారి తేల్చే డైక్‌స్ట్రా లెక్కతో ఎవరి దారి వాళ్లు వేసుకుంటారు. మామూలు ఈథర్‌నెట్‌లో 10 సెకన్లకో హలో, 40 సెకన్లు హలో రాకపోతే పక్కవాడు పోయినట్టు. వేర్వేరు సంస్థల నెట్‌వర్కులు దారులు చెప్పుకునే బీజీపీకి సిస్కో రౌటర్లలో హోల్డ్ టైమ్ (కబురు లేకున్నా ఓపిక పట్టే గడువు) 180 సెకన్లు. అంటే మధ్యలో ఏదో స్విచ్ ఉండి పోర్టు పడిపోకపోతే, మీ ట్రాఫిక్ మూడు నిమిషాల దాకా గోతిలో పడుతూనే ఉంటుంది. ఇక స్టాటిక్ రూటు అబద్ధానికి గడువే లేదు. ఎవరో ఒకరు బండేసుకుని వచ్చేదాకా!

దీనికి మందు బీఎఫ్‌డీ, లింకు బతికుందో లేదో రెండు వైపులా చూసుకుంటూ ఉండే ప్రోటోకాల్. 300 మిల్లీసెకన్లకో పలకరింపు, మూడు తప్పితే లింకు చచ్చినట్టే. ఒక సెకను లోపే తేలిపోతుంది. అయితే అవతలి ఐఎస్‌పీ కూడా దాన్ని ఆన్ చేయాలి, చిన్న ఆఫీసు అడిగితే చాలాసార్లు చేయరు. అప్పుడు మిగిలేది ఐపీ ఎస్‌ఎల్‌ఏ: ఒక అడ్రసును పింగ్ చేస్తూ (పలకరించి జవాబు కోసం చూస్తూ), జవాబు రాకపోతే రూటును తీసేయడం. ఈ కాపలానే ట్రాక్ అంటాం.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఎక్కువమంది కాలు జారేది ఇక్కడే. దేన్ని పింగ్ చేస్తారు? ఐఎస్‌పీ గేట్‌వేనా? అది పక్క గల్లీలోనే ఉంటుంది, దాని వెనక ఇంకేదో తెగినా అది మాత్రం పలుకుతూనే ఉంటుంది. సరే, గూగుల్ వాళ్ల 8.8.8.8 పెడదామంటారు. లింకు పోతుంది, పింగ్ ఆగుతుంది, ట్రాఫిక్ రెండో లింకు మీదికి మారుతుంది. ఇప్పుడు ఆ పింగే రెండో లింకు మీదుగా వెళ్లి జవాబు తెచ్చుకుంటుంది. రౌటర్ సంబరపడి మళ్లీ మొదటి లింకుకి మారుతుంది. మళ్లీ పింగ్ ఆగుతుంది. తెల్లారేదాకా ఇదే ఆట. అందుకే ఆ ఒక్క అడ్రసుకి /32 స్టాటిక్ రూటు మొదటి లింకు మీదే కట్టేయాలి. కట్టేశాక ఇంకోటి గుర్తుంచుకోండి: మొదటి లింకు పోయినప్పుడు ఆ అడ్రసు ఇక ఎవరికీ అందదు. మీ యూజర్ల డీఎన్‌ఎస్ (సైటు పేరుకి అడ్రసు చెప్పే సర్వర్) కూడా 8.8.8.8 అయితే, లింకు మారినా "నెట్ లేదు" అనే ఫోన్లు ఆగవు. పింగ్‌కి ఒక అడ్రసు, డీఎన్‌ఎస్‌కి వేరే అడ్రసు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నదే.

ఇక ఎవరి మాట నమ్మాలన్న సంగతి. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ కోర్సు) చదివిన ఎవర్ని లేపి అడిగినా, ఎవరి మాటకి ఎంత డిస్టెన్సో అప్పజెబుతారు: కనెక్టెడ్ 0, స్టాటిక్ 1, ఈబీజీపీ (బయటి నెట్‌వర్కు బీజీపీలో చెప్పినది) 20, ఓఎస్‌పీఎఫ్ 110, రిప్ 120. కానీ ఇంటర్వ్యూల్లో నేనడిగే ప్రశ్న దగ్గర సగంమంది ఆగిపోతారు. స్టాటిక్‌గా 10.20.0.0/16 ఉంది, రిప్ నుంచి 10.20.5.0/24 వచ్చింది. 10.20.5.9కి ప్యాకెట్ ఎటు పోతుంది? రిప్ వైపే. డిస్టెన్స్ పోటీ ఒకే ప్రిఫిక్స్‌ని (ఒకే అడ్రసుల గుంపుని; గీత తర్వాతి అంకె దాని పొడవు, అది పెరిగేకొద్దీ గుంపు చిన్నది) ఇద్దరు చెప్పినప్పుడు మాత్రమే. ప్రిఫిక్స్ పొడవు వేరైతే రెండూ టేబుల్‌లోకి వస్తాయి, పొడవైనది గెలుస్తుంది. పాన్ డబ్బా దగ్గర అడ్రసు అడగండి. ఒకతను "అమీర్‌పేటలో ఎక్కడో" అంటాడు, ఇంకొకతను "మైత్రీవనం పక్క సందులో రెండో బిల్డింగ్" అంటాడు. మీరు ఎవరి వెంట పోతారు? రెండోవాడు అబద్ధం చెప్పినా సరే, వాడి వెంటే.

2008 ఫిబ్రవరి 24న ప్రపంచమంతా అలాగే పోయింది. యూట్యూబ్ 208.65.152.0/22 ప్రకటించుకుంటోంది. తమ దేశంలో యూట్యూబ్‌ని ఆపమని ప్రభుత్వం చెబితే, పాకిస్తాన్ టెలికామ్ 208.65.153.0/24 రూటు సృష్టించింది. అది లోపలే ఉండాల్సింది, పైనున్న ప్రొవైడర్ పీసీసీడబ్ల్యూకి లీకైంది, వాళ్లు వడపోయకుండా లోకానికి పంచారు. మనకప్పుడు అర్ధరాత్రి దాటింది. రెండు గంటలకు పైగా యూట్యూబ్ ట్రాఫిక్ ఆ సందులోకే పోయింది. యూట్యూబ్ తిరిగి /24, ఆ తర్వాత రెండు /25లు ప్రకటించుకోవాల్సి వచ్చింది.

ఇలాంటి తప్పుడు ప్రకటనలకు విరుగుడుగానే ఆర్‌పీకేఐ, అంటే అడ్రసుల హక్కుకి సంతకాల ఏర్పాటు, వచ్చింది. ఈ ప్రిఫిక్స్‌ను ఈ ఏఎస్ (సొంత నంబరున్న నెట్‌వర్కు) ప్రకటించొచ్చు, ఇంత పొడవు దాకా అని సంతకం చేసి పెట్టే పత్రం ఆర్‌ఓఏ. సొంత అడ్రసులున్నవాళ్లు ఈ వారమే చేసుకోండి. మీరు /22 మాత్రమే ప్రకటిస్తుంటే, ముందుచూపు పేరుతో మ్యాక్స్ లెంగ్త్ 24 అని రాసిపెట్టకండి. మీ ఏఎస్ నంబరు చివర తగిలించి ఎవడైనా /24 ప్రకటిస్తే, అది చెల్లుబాటవుతుంది. ఆర్‌ఓఏ చూసేది మూలాన్నే, మధ్య దారిని కాదు.

నిజం చెప్పినా మునగొచ్చు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్‌లో మెయింటెనెన్స్ కోసం ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్కు) మొత్తాన్ని పడేసింది. డేటా సెంటర్లు అందకపోతే తమ బీజీపీ రూట్లను వెనక్కి తీసుకోవాలని డీఎన్‌ఎస్ సర్వర్లకు ముందే నేర్పి ఉంది. అన్నీ ఒకేసారి తీసేసుకున్నాయి. సుమారు ఆరు గంటలు ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూగబోయాయి. నా మీడియా కన్వర్టర్ అబద్ధమాడి ముంచితే, ఆ సర్వర్లు నిజం చెప్పి ముంచాయి. అందుకే ట్రాక్ రాసేటప్పుడు, అన్ని లింకులూ ఒకేసారి పోయినట్టు కనిపిస్తే ఏం జరగాలో కూడా రాయండి. పరీక్షలన్నీ తప్పినా చివరికి ఏదో ఒక రూటు మిగలాలి.

సరే, స్క్రీన్ చూడండి. పింగ్ నడుస్తోంది, ట్రాక్ ఇంకా పెట్టలేదు. వెనక వరుస వాళ్లు ముందుకు రండి, లైట్లు కనిపించాలి. కన్వర్టర్ నుంచి ఫైబర్ లాగేస్తున్నాను. పింగ్ ఆగింది కదా? ఇప్పుడు రౌటర్ పోర్టు లైటు చూడండి. పచ్చగానే ఉంది.