ఫోల్డర్ పేరు మార్చబోతే ‘యాక్సెస్ డినైడ్’ (ఫోన్-ఇన్)

యాంకర్: నమస్కారం. కోడ్‌లో ఫోల్డర్ పేరు మారుస్తుంటే యాక్సెస్ డినైడ్ అని వస్తోందని చాలామంది రాశారు, ఇవాళ దాని మీదే. సార్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి, చెప్పండి.

తెనాలి కాలర్: నమస్కారం సార్, మాది ఫొటో స్టూడియో సార్, పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తాం, నేను డిగ్రీలో నేర్చుకున్న సీ షార్ప్‌తో షాపుకి చిన్న ప్రోగ్రాం రాసుకున్నా, అంటే ఏంటంటే ఒక్కో పెళ్ళికి ఒక్కో ఫోల్డర్ ఉంటది, పెళ్ళివాళ్ళు వచ్చి ఫొటోలు చూసుకుని సరే అన్నాక ఆ ఫోల్డర్ పేరు చివర ‘ఓకే’ అని చేరాలి, అది చూసే మా తమ్ముడు ప్రింటింగ్‌కి పంపుతాడు, మొన్న మాఘమాసంలో అయితే చేతినిండా పెళ్ళిళ్ళు సార్, ఆ టైంలోనే...

నిపుణుడు: సరే బాబూ, ఎర్రర్ ఏ లైన్లో వస్తోంది?

తెనాలి కాలర్: పేరు మార్చే డైరెక్టరీ డాట్ మూవ్ దగ్గర సార్. నా కంప్యూటర్, నా ఫోల్డర్, నాకే పర్మిషన్ లేదంటదేంటి సార్? అడ్మిన్‌గా రన్ చేశా, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చేశా, రీడ్ ఓన్లీ టిక్ తీస్తే మళ్ళీ వచ్చి కూర్చుంటోంది.

నిపుణుడు: ఆ టిక్ సంగతి వదిలెయ్యండి, అది లోపలి ఫైళ్ళ కోసం, ఫోల్డర్ పేరుకి అడ్డం రాదు. ఫుల్ కంట్రోల్ మాత్రం ఇవాళే తీసెయ్యండి, కస్టమర్ల పెళ్ళి ఫొటోలండీ అవి. అడ్మిన్‌గా రన్ చేయడం దీనికి మందు కాదు. విండోస్‌లో ఒక ఫోల్డర్ లోపల, ఎంత లోపలైనా సరే, ఒక్క ఫైలు ఏ ప్రోగ్రామైనా తెరిచి పట్టుకుని ఉన్నా ఆ ఫోల్డర్ పేరు మారనివ్వదు. ఆ ముక్క చెప్పకుండా యాక్సెస్ డినైడ్ అంటది, దాంతో అందరూ పర్మిషన్ల మీద పడతారు. మీ ప్రోగ్రాంలో ఫొటో ఎలా చూపిస్తున్నారు?

తెనాలి కాలర్: పిక్చర్ బాక్స్‌లో సార్, ఇమేజ్ డాట్ ఫ్రమ్ ఫైల్ అని.

నిపుణుడు: దొరికింది. ఆ ఫ్రమ్ ఫైల్ ఉంది చూశారూ, ఆ ఇమేజ్‌ని డిస్పోజ్ చేసేదాకా, అంటే దాంతో పని అయిపోయిందని కోడ్‌లో చెప్పేదాకా, ఫైలుని వదలదు. పట్టుకున్నది మీ ప్రోగ్రామే. పని అవగానే దానంతటదే మూసేసే యూజింగ్ బ్లాక్‌లో తెరిచి, న్యూ బిట్‌మ్యాప్‌తో కాపీ తీసి, ఆ కాపీని బాక్స్‌లో పెట్టండి, అసలుది అక్కడే మూసుకుపోతుంది.

తెనాలి కాలర్: మరి అడ్మిన్‌గా రన్ చేయడం ఉంచమంటారా సార్?

నిపుణుడు: వద్దు బాబూ, ఇప్పుడే కదా చెప్పాను.

యాంకర్: థాంక్యూ అండీ. వరంగల్ నుంచి మేడం.

వరంగల్ కాలర్: సర్, పైథాన్‌లో ఫోల్డర్ పేరు మార్చనీకి ఓఎస్ డాట్ రీనేమ్ పెడితే విన్ ఎర్రర్ 32, వేరే ప్రాసెస్ వాడుతుందని...

నిపుణుడు: దానికి ముందు ఓఎస్ డాట్ చ్‌డిర్, అంటే ప్రోగ్రాం పనిచేసే ఫోల్డర్ని మార్చేది, ఏమైనా వాడారా అమ్మా?

వరంగల్ కాలర్: ఆ, వాడిన సర్, ఆ ఫోల్డర్ లోపలికే పోయిన.

నిపుణుడు: అందుకే. మీ ప్రోగ్రాం ఆ ఫోల్డర్లోనే కూర్చుని దాని పేరే మారుస్తానంటోంది, ముందు బయటికి రావాలి. పూర్తి పాత్ ఇచ్చి రాస్తే చ్‌డిర్ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్ అదే ఫోల్డర్లో తెరిచి ఉన్నా ఇంతే, అదీ చూసుకోండి.

యాంకర్: థాంక్యూ మేడం. విశాఖపట్నం.

విశాఖ కాలర్: సార్, లినక్స్ సర్వర్లో పర్మిషన్ డినైడ్. ఫోల్డర్‌కి 777, అంటే అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చినా పేరు మారట్లేదు.

నిపుణుడు: అయ్యో, 777 ఇవ్వకండయ్యా! దయచేసి ఇప్పుడే వెనక్కి తీసుకోండి, సర్వర్ మీద ఉన్న ఎవరైనా అందులో రాసేయొచ్చు. లినక్స్‌లో ఫైలు తెరిచి ఉన్నంత మాత్రాన రీనేమ్ ఆగదు, అక్కడ నిజంగా పర్మిషన్ సంగతే. కాకపోతే పేరు ఉండేది పై ఫోల్డర్లో, అంటే ఇది ఏ ఫోల్డర్ లోపల ఉందో దాన్లో కదా, అందుకని మీ యూజర్‌కి రాసే (రైట్) పర్మిషన్ ఉండాల్సింది పై ఫోల్డర్ మీద. దాని ఓనర్ ఎవరు?

విశాఖ కాలర్: రూట్, అదే సర్వర్ అడ్మిన్ అకౌంట్ అనుకుంటా సార్, అయితే ఇప్పుడు నేను...

యాంకర్: లైన్ కట్ అయింది. తెనాలి కాలర్ మళ్ళీ చేశారు, చెప్పండి.

తెనాలి కాలర్: సార్, మీరు చెప్పినట్టే మార్చా, ఇప్పుడే రన్ చేశా, అయినా పేరు మారట్లేదు, ఈసారి వేరే ప్రాసెస్ వాడుతోందంటోంది! అడ్మిన్‌గా కూడా చేసి చూశా...

నిపుణుడు: మళ్ళీ అడ్మినా! సరే, కంగారు పడకండి. రిసోర్స్ మానిటర్ తెరవండి, విండోస్‌తోనే వస్తుంది. సీపీయూ ట్యాబ్, అసోసియేటెడ్ హ్యాండిల్స్, అక్కడ ఫోల్డర్ పేరు కొట్టండి. ఎవరు పట్టుకున్నారో చూడకుండా కోడ్ మార్చొద్దు.

తెనాలి కాలర్: ఆగండి సార్... నా ప్రోగ్రాం పేరే చూపిస్తోంది. ఫైలు లేదు, ఉత్త ఫోల్డరే ఉంది.

నిపుణుడు: ఫోల్డర్ ఎంచుకోడానికి ఓపెన్ ఫైల్ డైలాగ్ వాడారా?

తెనాలి కాలర్: అవును సార్, అందులో ఒక ఫొటో మీద నొక్కితే ఆ ఫోల్డర్ తీసుకుంటది.

నిపుణుడు: ఆ డైలాగ్ వెళ్తూ వెళ్తూ మీ ప్రోగ్రాం కరెంట్ డైరెక్టరీని, అంటే అది పనిచేసే ఫోల్డర్ని, ఆ ఫోల్డర్‌కి మార్చేసి పోతుంది. వరంగల్ అమ్మాయిది కూడా ఇదే జబ్బు, ఆమె తెలిసి వెళ్ళింది, మీరు తెలియకుండా వెళ్ళారు. ఆ డైలాగ్‌కే ఉండే రిస్టోర్ డైరెక్టరీని ట్రూ చెయ్యండి, వెళ్ళేటప్పుడు పాత చోటికే తెచ్చి పెడుతుంది.

తెనాలి కాలర్: ఒక్క నిమిషం సార్... మారింది! మారింది సార్!

నిపుణుడు: సంతోషం. ఇంకొకటి వినండి, కెమెరా కార్డు నుంచి కాపీ అవ్వగానే యాంటీవైరస్ ఆ ఫైళ్ళని స్కాన్ చేస్తూ ఉంటుంది, అప్పుడు పేరు మారిస్తే యాక్సెస్ డినైడ్ ఎర్రర్ ఒక్కోసారి వస్తుంది. ఎర్రర్ వస్తే 200 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ ప్రయత్నించేలా ఒక 5 సార్లు పెట్టండి, అప్పటికీ కాకపోతే ఎర్రర్ చూపించాలి, మింగెయ్యకూడదు. మీ తమ్ముడు ఆ పేరు చూసే కదా ప్రింటింగ్‌కి పంపేది.

తెనాలి కాలర్: అలాగే సార్. ఫుల్ కంట్రోల్ కూడా తీసేస్తున్నా.

యాంకర్: టైం అయిపోయింది, లైన్లో ఉన్నవాళ్ళు ఏమనుకోకండి. థాంక్యూ సార్.