గుంత తవ్వేముందు ఒకసారి వంగి చూడండి

వేదిక మీది పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, నన్ను పిలిచిన బోటనీ శాఖ మిత్రులకు, పొద్దున్నుంచి గుంతలు తవ్వి అలసిపోయిన పిల్లలకు నమస్కారం. వనమహోత్సవాన్ని 1950లో అప్పటి కేంద్ర వ్యవసాయ మంత్రి కె.ఎం.మున్షీ గారు మొదలుపెట్టారు. అప్పటినుంచి ఏటా జూలైలో నాటుతూనే ఉన్నాం. ఈ కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లు నేనూ నాటించాను. ఈరోజు మాత్రం ఎవరూ నాటకుండా అడవిలో తనంతట తాను మొలిచే మొక్క గురించి మాట్లాడాలని వచ్చాను.

పుస్తకాల్లో ఉన్నది ముందు చెప్పేస్తాను. పనామాలో బారో కొలరాడో అనే దీవి ఉంది. ఓడలు వెళ్లే పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కడితే చుట్టూ నీళ్లు చేరి, కొండ కాస్తా దీవి అయింది. అక్కడ 50 హెక్టార్ల అడవిలో 1980ల నుంచి ప్రతి చెట్టుకూ నంబరు వేసి కొలుస్తున్నారు. అలాంటి తడి అడవిలో నేల మీదికి దిగే వెలుతురు నూటికి ఒకటి రెండు పాళ్లే. పెద్ద గింజ నుంచి వచ్చిన మొక్క గింజలో దాచుకున్న తిండితో ఆ చీకట్లోనే కాచుకుని ఉంటుంది. పక్కన ఒక పెద్ద చెట్టు కూలి ఆకాశం కనబడితే అప్పుడు లేస్తుంది. ఇంకో సంగతి. తల్లిచెట్టు కిందే పడ్డ గింజకు కష్టాలెక్కువ. ఆ జాతిని తినే పురుగు, ఆ జాతికి పట్టే తెగులు అక్కడే కాపు కాసి ఉంటాయి. 1970లో జాన్‌జెన్, 1971లో కానెల్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారుగా ఈ మాట చెప్పారు.

అది తడి అడవి లెక్క. మన శేషాచలం లెక్క వేరు. ఇక్కడ వెలుతురుకు కరువు లేదు. నీళ్లకు కరువు. జానెడు మట్టి, దాని కింద రాయి. కొన్ని నెలల వాన, ఆ తర్వాత ఎండ, ఫిబ్రవరి దాటితే మంట. ఇలాంటి చోట మొక్క పైకి ఎదగాలని తొందరపడితే చస్తుంది. ముందు కిందికి ఎదగాలి.

నాకు ఈ సంగతి నేర్పింది పుస్తకం కాదు. ఒక మే నెలలో పిల్లలను కొండకు తీసుకెళ్లాను. మార్చిలో బోదగడ్డి కాలిపోయి, నేలంతా నల్లగా ఉంది. "ఇక్కడ ఒక్క మొలక కూడా మిగల్లేదు, రాసుకోండి" అన్నాను. మాతో వచ్చిన పెద్దాయన, అడవిలో వాచర్‌గా చేసినవాడు, "సావలేదు సార్, కింద ఉండాది" అని కూర్చుని కత్తితో మట్టి గీకాడు. పైన కాలిన అగ్గిపుల్లంత మోడు. కింద నా బొటనవేలంత లావున్న వేరు. గోరుతో కొంచెం గిల్లితే లోపల పచ్చిగా తడి తగిలింది. ఎర్రచందనం. ఎన్నిసార్లు కాలిందో, ఎన్నిసార్లు మేక కొరికిందో! ఏటా వానకు నాలుగాకులు వేసుకోవడం, ఎండకు పోగొట్టుకోవడం, ఆ నాలుగాకులు సంపాదించినదంతా వేరులో దాచుకోవడం. మళ్లీ మట్టి కప్పి, రాయి గుర్తు పెట్టి వచ్చాం. జూలైలో వెళ్తే చిగురు వేసింది.

ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. దాని పిల్ల మన కాళ్ల కింద ఉంటే మనం చూడకుండా నడిచిపోతున్నాం.

ఇప్పుడు నా బాధ చెప్పాలి. ఎక్కడ, ఎవరు అని చెప్పను. అలాంటి మొలకలే ఉన్న ఒక వాలును ఖాళీ నేలగా రాసి, జేసీబీ పెట్టి వరసగా గుంతలు తీశారు. ఆ గుంతల్లో నర్సరీ కవర్లలోని మొక్కలు పెట్టారు. కవరులో ఎక్కువకాలం ఉంటే తల్లివేరు అడుగు తగిలి చుట్టుకుపోతుంది. చుట్టుకున్న వేరు రాతి సందుల్లోకి ఎలా దిగుతుంది? మూడో వేసవికి ఆ వాలు మీద నాటినవీ లేవు, అంతకుముందు ఉన్నవీ లేవు. ఫొటోలో మాత్రం అందరం నవ్వుతున్నాం. ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. అందుకే ఎక్కడ మాట్లాడమన్నా ఇదే మాట్లాడుతున్నాను.

మీలో ఎంతమంది ఎర్రచందనం మొలకను చూశారు? చేతులెత్తండి. ...ఇద్దరు. దుంగల ఫొటోలు పేపర్లో చూసినవాళ్లు? చూశారా, అందరూ!

పనామాలో లాగే తమిళనాడు ముదుమలై అడవిలోనూ చెట్లు కొలిచే 50 హెక్టార్ల ప్లాటు ఉంది, 1988 నుంచి కొలుస్తున్నారు. ఏనుగులు, మంటలు ఉన్న పొడి అడవి. అలాంటి ఓపిక ఇక్కడా కావాలి. ఒక్క ఏడాది చూసి మొక్క చచ్చిందనో బతికిందనో రాయకూడదు. ఫిబ్రవరిలోపు ఫైర్‌లైన్లు, అంటే మంట దాటకుండా గడ్డి తీసేసి ఉంచే దారులు, శుభ్రం చేయించి, కొన్ని వాలుల్లో నాలుగైదేళ్లు మేత ఆపించగలిగితే, అక్కడ ఎవరూ ఏమీ నాటనక్కర్లేదు. మేకలున్నవాళ్లతో కూర్చుని మాట్లాడి, వాళ్లకు వేరే మేత చూపించాకే ఆపించాలి.

టైమైందని చీటీ వచ్చింది. ఆదివారం కొండకు వెళ్లడానికి అనుమతి తీసుకున్నాం. పొద్దున ఆరింటికి కాలేజీ గేటు దగ్గరికి రండి. పలుగు, పార తేవద్దు. ఒక స్కేలు, నోటుబుక్కు, మొలకల పక్కన పుల్లలకు కట్టడానికి పాత చీర పీలికలు తెచ్చుకోండి. ఫస్టియర్ వాళ్లను ముందు రమ్మంటున్నాను, మూడేళ్లు వరసగా అవే మొలకలను కొలవాలి కాబట్టి.