విశాఖ ఉప్పుగాలికి ఏ రంగు ఆగుతుంది?

[దృశ్యం: లాసన్స్ బే కాలనీ. సముద్రం వైపు గోడ. స్క్రాపర్ ఆనించగానే రంగు పెచ్చులుగా ఊడుతుంది. పెచ్చు వెనకవైపు దగ్గరగా.]

వ్యాఖ్యానం: పెచ్చు వెనక ఈ తెల్లపొడి చూశారా? ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీటిని పీల్చుకుంటుంది, విశాఖలో తెల్లవారుజామున ఆ మాత్రం తేమ మామూలే. రంగు కింద చిక్కిన ఉప్పు నీరు లాగడం, ఎండకి ఆరడం, మళ్ళీ లాగడం. ఆ ఒత్తిడికే పొర లేస్తుంది. ఇలాంటి గోడ మీద ఎంత ఖరీదైన రంగు వేసినా దండగే.

[దృశ్యం: బల్ల మీద వరసగా సున్నం, సిమెంట్ పెయింట్, డిస్టెంపర్, ఎమల్షన్, ఎనామెల్.]

డబ్బాలో ముఖ్యంగా ఉండేవి మూడు: రంగు పొడి, దాన్ని గోడకు పట్టించే బైండర్, పలచన చేసే నీళ్ళు లేదా టర్పెంటైన్. డబ్బాల మధ్య ధర తేడా చాలావరకు బైండర్‌దే.

సున్నం చవక, గోడ లోపలి చెమ్మను బయటికి పోనిస్తుంది. కానీ చొక్కాకి అంటుతుంది, ఏటా వేయాలి. డిస్టెంపర్ ఇంటి లోపలికే, బయట వేస్తే వానకి పోతుంది. పాత డిస్టెంపర్ మీద ఎమల్షన్, అంటే నీళ్ళతో పలచన చేసే ప్లాస్టిక్ రంగు వేయాలంటే ముందు దాన్ని పూర్తిగా గీకేయాలి. అలా గీకకుండా వేసిన ఎమల్షన్ కింది పొరతో సహా ఊడుతుంది. సిమెంట్ పెయింట్‌కు ముందు గోడ తడపాలి, వేశాక కూడా నీళ్ళు కొట్టాలి. ఈ రెండో పని ఎగ్గొడితే పొడి రాలుతుంది.

[దృశ్యం: బయటి గోడ. పిట్టగోడ దగ్గర నాచు.]

బయటి గోడలకు మా ఓటు అక్రిలిక్ ఎక్స్‌టీరియర్ ఎమల్షన్‌కే. నీటి చుక్కను ఆపుతుంది, లోపలి ఆవిరిని మాత్రం కొంత వదులుతుంది. వెంట్రుకవాసి పగుళ్ళు ఉంటే సాగే గుణమున్న ఎలాస్టోమెరిక్ రకం తీసుకోండి. అంతకంటే పెద్ద పగులును 'వి' ఆకారంలో తెరిచి, క్రాక్ ఫిల్లర్‌తో పూడ్చాలి.

కొత్త ప్లాస్టరింగు 28 రోజులు ఆరనివ్వండి. పచ్చి సిమెంటులో క్షారం ఎక్కువ. నూనె ఆధారంగా తయారయ్యే ఎనామెల్ వేస్తే ఆ క్షారం నూనెను సబ్బుగా మార్చేస్తుంది, రంగు జిగటగా మారి ఊడుతుంది. గోడలకు ఎనామెల్ వద్దనేది అందుకే.

[దృశ్యం: గోడకు ప్లాస్టిక్ కాగితం, నాలుగువైపులా టేపు.]

చెమ్మ ఉందో లేదో ఇలా తేల్చుకోండి. ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గాలి చొరకుండా అంటించి, ఒక రాత్రి దాటనివ్వండి. లోపలివైపు నీటిబొట్లు కనిపిస్తే రంగు ఆపేసి, డాబా లీకో పైపు లీకో వెతకండి.

గోడలోంచి పొంగిన ఉప్పు ఉంటే పొడి బ్రష్‌తోనే దులపండి. నీళ్ళతో కడిగితే అది కరిగి తిరిగి గోడలోకే ఇంకుతుంది. సముద్రపు గాలి తెచ్చి అంటించిన ఉప్పు సంగతి వేరు. దాన్ని మంచినీళ్ళతో కడిగి, ఆరాక ఎక్స్‌టీరియర్ ప్రైమర్ (రంగు పట్టుకునేందుకు ముందు వేసే పొర), ఆపైన రంగు రెండు కోట్లు వేయాలి. రెండు కోట్ల మధ్య రోజులు గడిచిపోతే మళ్ళీ కడగాల్సిందే. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళకు ఇది తప్పదు. వానలు ఆగాక, జనవరి నుంచి మే మధ్యలో పని పెట్టుకుంటే మేలు.

పుట్టీ అంటే గోడ నునుపు చేయడానికి రంగుకు ముందు పూసే ముద్ద, మన పెయింటర్లు చెప్పే లప్పం. బయట వైట్ సిమెంట్ పుట్టీయే పెట్టించండి. లోపలికని అమ్మే అక్రిలిక్ పుట్టీ తడి తగిలితే మెత్తబడుతుంది.

[దృశ్యం: బాల్కనీ గ్రిల్. వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు.]

మన ఊళ్ళో ముందు పోయేది ఇదే. తుప్పు మీద నేరుగా రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూసి, పైన ఎనామెల్ వేయడం మామూలుగా జరిగే పని. అందుకే అతుకు దగ్గర మళ్ళీ తుప్పు పుడుతుంది. వైర్ బ్రష్, ఎమెరీ పేపర్‌తో మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, మంచినీళ్ళతో కడిగి, ఆరిన వెంటనే, అదే రోజు ప్రైమర్ వేయండి. సముద్రానికి దగ్గరగా ఉంటే రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ మంచిది. అంచులకు, అతుకులకు ముందు బ్రష్‌తో ఒక కోటు అదనంగా పట్టించండి, రంగు అక్కడే పలచబడుతుంది. ఎపాక్సీకి ఎండ పడదు, పైపొర పొడిగా రాలుతుంది. అందుకే పైన ఎండకు ఆగే పాలీయూరిథేన్ రంగు ఒక కోటు తప్పదు. కలిపిన ప్రైమర్ గట్టిపడటం మొదలైతే థిన్నర్ పోసి సాగదీయొద్దు, పారబోయండి.

[దృశ్యం: 20 లీటర్ల బకెట్లు, కర్రతో కలుపుతున్న చేయి.]

కొలత ఇలా వేసుకోండి. రెండు కోట్లు కలిపి లీటరుకు సుమారు 50 చదరపు అడుగులనుకుంటే, 1000 చదరపు అడుగుల గోడకు 20 లీటర్ల బకెట్ ఒకటి సరిపోతుంది. గరుకు గోడయితే ఇంకా తాగుతుంది. నీళ్ళు డబ్బా మీద రాసినంతే కలపనివ్వండి. బకెట్లు ఒకటికి మించితే అన్నిటినీ ఒక పెద్ద డ్రమ్ములో కలిపేశాకే బ్రష్ ముంచండి, బ్యాచ్ మారితే షేడు తేడా గోడ మధ్యలో తేలుతుంది.