లైబ్రరీలో పిస్టల్: వద్దనే అధికారం ఎవరిది?

అందరికీ నమస్కారం. పిల్లల్ని తెలుగు క్లాసులో దింపి, ఇంటికి వెళ్లిపోకుండా ఇక్కడ కూర్చున్నందుకు చాలా సంతోషం.

మూడేళ్ల కిందట మా పాపను కథల గంటకు లైబ్రరీకి తీసుకెళ్లాను. జిరాక్స్ మెషిన్ దగ్గర ఒకాయన కాగితాలు కాపీ తీసుకుంటున్నాడు. నడుముకు తోలు ఒర, అందులో పిస్టల్. అందరికీ కనబడేలా చొక్కా లోపలికి దోపుకుని ఉన్నాడు. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అమ్మా, పోలీసా?" అంది. పోలీసు కాదు. కౌంటర్ దగ్గర అడిగితే అక్కడి ఆవిడ గొంతు తగ్గించి, తాము ఆయన్ని వెళ్లమనడానికి లేదని చెప్పింది. ఆయన ఎవరినీ ఏమీ అనలేదు. కాపీలకు డబ్బులు కట్టి, వెనక వచ్చే ముసలావిడ కోసం తలుపు పట్టుకుని మరీ వెళ్లాడు. కానీ ఆ పది నిమిషాలూ కథ ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

వెళ్లమనడానికి లేదంటే ఏమిటి? ఆ మాట నన్ను వదల్లేదు. నేను లాయర్‌ని కాను. చట్టాలూ తీర్పులూ తెచ్చుకుని చదవడం అప్పుడే మొదలుపెట్టాను.

మన మిషిగన్‌లో తుపాకీని పైకి కనబడేలా పట్టుకెళ్లడం, అంటే ఓపెన్ క్యారీ, నేరమని చెప్పే చట్టం లేదు. ఆయుధం చట్టప్రకారం సొంతమై ఉండాలి. దాన్ని ఊపుతూ, గురిపెడుతూ జనాన్ని భయపెట్టకూడదు. కొన్ని చోట్లకు తీసుకెళ్లకూడదని రాష్ట్ర చట్టంలో ఒక జాబితా ఉంది: బ్యాంకు, కోర్టు, సినిమా హాలు, ఆసుపత్రి, ప్రార్థనా స్థలం. మన గుడి కూడా అందులోకే వస్తుంది. ఆయుధాన్ని దాచి పట్టుకెళ్లే లైసెన్స్, అంటే సీపీఎల్, ఉన్నవాళ్లకు మాత్రం ఆ సెక్షన్ వర్తించదు. ఇక లైబ్రరీ, సిటీ హాలు ఆ జాబితాలోనే లేవు.

పోనీ మన సిటీ కౌన్సిల్ ఒక రూలు పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టుకునే వీలు లేదు. నగరం, గ్రామం, టౌన్‌షిప్, కౌంటీ, ఈ నాలుగూ తుపాకుల మీద సొంత నిబంధనలు చేయకూడదని 1990లో రాష్ట్రం చట్టం చేసింది. మనం పప్పులూ కరివేపాకూ కొనుక్కునే ఇండియన్ స్టోర్ ఓనరు తలుపు మీద బోర్డు పెట్టి తుపాకీతో రావద్దనగలడు. వినకపోతే పోలీసుల్ని పిలవగలడు. మన పన్నుల డబ్బుతో కట్టిన సిటీ హాలుకు ఆ వీలు లేదు.

మన రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో ఈ గొడవ కోర్టుకెక్కింది. అక్కడి జిల్లా లైబ్రరీని నగరమూ కౌంటీ కలిసి 1997లో ఏర్పాటు చేశాయి. ఆయుధాలు తేవద్దని దానికి ఒక నియమం ఉండేది. ఒకతను షాట్‌గన్‌తో లోపలికి రావడంతో విషయం ముదిరింది. 2012లో అప్పీళ్ల కోర్టు లైబ్రరీకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. నగరానికీ కౌంటీకీ లేని అధికారం, ఆ రెండూ కలిసి పెట్టిన సంస్థకు ఎక్కడిదన్నది కోర్టు వాదన. పిల్లలు తిరిగే చోట ఆయుధం ఆందోళన కలిగించేదేనని ఒప్పుకుంటూనే ఆ మాట చెప్పింది.

తర్వాత ఆన్ ఆర్బర్ బడుల కేసు. 2015లో ఒక హైస్కూల్లో పిల్లల పాటల కచేరీ జరుగుతుంటే ఒకతను నడుముకు పిస్టల్‌తో వచ్చి కూర్చున్నాడు. బడుల బోర్డు ఆయుధాల్ని నిషేధించింది, కేసు రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018లో నలుగురు జడ్జిలు ఔనని, ముగ్గురు కాదని తీర్పు వచ్చింది. 1990 చట్టంలో ఉన్నది నాలుగు పేర్లే, వాటిలో బడి లేదు, కాబట్టి నిషేధం చెల్లుతుందన్నారు. ఈ వాదనకూ లైబ్రరీ తీర్పుకూ పొంతన కుదరదనే నా అభిప్రాయం.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. 2020 ఏప్రిల్ 30న రైఫిళ్లు పట్టుకున్నవాళ్లు మన రాష్ట్ర శాసనసభ ఉండే కాపిటల్ భవనంలోకి వెళ్లారు. సెనేట్ గ్యాలరీలో నిలబడ్డారు. కింద సభ్యులు సభలో ఉన్నారు. 2021 జనవరిలో ఆ భవనాన్ని చూసుకునే కాపిటల్ కమిషన్ అక్కడ ఓపెన్ క్యారీని నిషేధించింది, 2023లో మిగతా ఆయుధాల్ని కూడా. మంచి పనే, నేను ఒప్పుకుంటాను. మరి అదే భద్రత మన టౌన్‌షిప్ ఆఫీసులో కూర్చునే గుమస్తాకు ఎందుకు ఉండకూడదు?

ఎన్నికల సంగతీ ఇలాగే నడిచింది. ఇండియాలో మన ఊళ్లలో ఎన్నికల ప్రకటన రాగానే లైసెన్స్ ఉన్న తుపాకులు కూడా స్టేషన్‌లో డిపాజిట్ చేయించడం మనకు తెలిసిందే. ఇక్కడ 2020 అక్టోబరులో రాష్ట్రంలో ఎన్నికల్ని చూసుకునే సెక్రటరీ ఆఫ్ స్టేట్ పోలింగ్ కేంద్రాల దగ్గర ఓపెన్ క్యారీ వద్దని ఆదేశమిస్తే, నియమాలు చేసే పద్ధతి పాటించలేదని కోర్టు ఆపేసింది. 2024లో శాసనసభ చట్టం చేశాకే నూరడుగుల లోపల నిషేధం వచ్చింది.

తుపాకీ యజమానుల మాటలో న్యాయం లేకపోలేదు. ట్రాయ్ నుంచి నోవై వెళ్లే దారిలో ఊరికో రూలుంటే, తెలియకుండానే నేరస్థులైపోతారు. రోడ్డు విషయంలో అది నిజం. కానీ భవనానికి తలుపుంది, తలుపు మీద బోర్డు పెట్టొచ్చు, వచ్చేవాడు చదువుకోవచ్చు.

ఒక్క హెచ్చరిక. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం. ఫ్రెండు రమ్మన్నాడని షూటింగ్ రేంజ్‌కు వెళ్లే ముందు లాయర్‌ని అడగండి. ఇమిగ్రేషన్ ఆఫీసు లాంటి ఫెడరల్ భవనాల్లోకి మామూలు పౌరులు కూడా తీసుకెళ్లకూడదు.

లైబ్రరీ కౌంటర్ దగ్గర ఆవిడతో వాదించి లాభం లేదు, ఆమె చేతిలో ఏమీ లేదు. మార్చగలిగేది లాన్సింగ్‌లో కూర్చునే మన ప్రతినిధులు. వాళ్లలో చాలామంది ఊళ్లో జనాన్ని కలవడానికి కాఫీ అవర్ పెడతారు. ఈసారి మన ప్రతినిధి వచ్చినప్పుడు నేను వెళ్తున్నాను. ఓటున్నవాళ్లు, లేనివాళ్లు కూడా నాతో రండి. నేను అడగబోయేది ఒక్కటే: "మీ సభకు ఉన్న తలుపు మా లైబ్రరీకి ఎప్పుడిస్తారు?"