ముందు చెవులు చూపించండి

పెద్దలందరికీ నమస్కారం. కళ్లజోడు ఎక్కడ పెట్టామో మరిచిపోతే కంగారు పడక్కర్లేదు. రోజూ వెళ్లే కిరాణా కొట్టు నుంచి ఇంటికి దారి తెలియకపోతే మాత్రం వెంటనే డాక్టరుకు చూపించాలి. మన దేశంలో 60 దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు, ఉందని అంచనా.

లాన్సెట్ అనే వైద్య పత్రిక ఏర్పాటు చేసిన నిపుణుల కమిషన్ 2024లో ఈ జబ్బు ముప్పు పెంచే 14 కారణాలు చెప్పింది. అవేవీ లేకుండా చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చు. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, పొగాకు, మందు... వీటి గురించి మీరే నాకు క్లాసు చెప్పగలరు. మనం పట్టించుకోనిది చెవుడు.

కొడుకు, కోడలు ఓ పెద్దాయన్ని మతిమరుపని నా దగ్గరికి తీసుకొస్తారు. "పొద్దున ఏం టిఫిన్ చేశారండీ?" అని అడుగుతాను. ఆయన నా మాస్కు వైపు చూస్తారు. జవాబు కోడలు చెబుతుంది. మాస్కు తీసి, దగ్గరికి జరిగి మళ్లీ అడిగితే, "ఉప్మా. జీడిపప్పు వేయలేదు" అంటారు. మరిచిపోవడానికి అసలు ప్రశ్న వినబడితే కదా!

అలాగని చెవుడును తేలిగ్గా తీసుకోకూడదు. ప్రతి మాటా పోల్చుకోవడానికే మెదడు అలిసిపోతుంది. "ఆఁ, ఏంటీ?" అని అడగడానికి నామోషీ పడి మనిషి పెళ్లిళ్లూ కబుర్లూ మానేస్తాడు. ఆ ఒంటరితనం కూడా ఆ 14లో ఒకటి. వినికిడి మిషన్ పెట్టుకుంటే డిమెన్షియా రాదని నేను చెప్పను. 2023లో వెలువడిన ఓ అమెరికా ప్రయోగంలో మిషన్ వాడినందువల్ల మొత్తమ్మీద తేడా కనబడలేదు. ముప్పు ఎక్కువున్నవాళ్లలో మాత్రం మూడేళ్లలో ఆలోచనాశక్తి క్షీణత 48 శాతం నెమ్మదించింది. నాకైతే అది చిన్న విషయంగా అనిపించదు.

చదువు తక్కువ కావడం కూడా ముప్పే. అయితే హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ ఆలస్యం కనిపించింది. కారణం భాషలేనని తేల్చలేం గానీ, ఉర్దూలో బేరమాడే మన అమ్మమ్మలను తక్కువ అంచనా వేయకండి.

మతిమరుపు మొదలైందనిపిస్తే విటమిన్ బీ12, థైరాయిడ్ పరీక్షలు అడగండి. నిద్రమాత్రలు వాడుతుంటే ఆ సంగతీ చెప్పండి. కొన్న మిషన్‌ను బీరువాలో దాచకండి. మొదట్లో గోలగోలగా ఉంటుంది, అలవాటవ్వాలి.

బయట వరండాలో ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణులు, ఉన్నారు. ముందు గుబిలి ఉందేమో చూసి, తర్వాత పరీక్ష చేస్తారు. మిమ్మల్ని తీసుకొచ్చిన పిల్లలకు నలభై దాటితే వాళ్లనూ లైన్లో నిలబెట్టండి. ఈ ముప్పు నడివయసులోనే మొదలవుతుంది.